తడి గోనెలో వచ్చిన ప్లాఁ

పాంప్లెమూస్, 1926 మే 2, ఆదివారం

పెంటయ్య మామయ్యకు మేనల్లుడు ఆంజనేయులు నమస్కారాలు. పాపమ్మత్తకు కూడా.

ఇక్కడ వర్షాలు తగ్గాయి, నా దగ్గు తగ్గలేదు. పగలు స్కూల్లో ఫ్రెంచి పాఠాలు, సాయంత్రం మన పిల్లలకు తెలుగు. గొంతుకు తీరిక లేదు. ఇప్పుడు అసలు కబురు. లాల్మతీలో దుకాణం ఉన్న ఎంకన్నగారూ గుడి పెద్దలూ కలిసి పిల్లలకు తెలుగు వ్యాసాల పోటీ పెడుతున్నారు. సెప్టెంబరు చివరి ఆదివారం, పోర్ లూయి గుడిలో రామభజన రోజున. బడికి ముగ్గురు. ఒక్క గంటలో రాయాలి. విషయం ముందే చెప్పేశారు: చెరుకు పంచదార అయ్యే తీరు. కథ కూడదట, పొగడ్త కూడదట. మిల్లు మొహం చూడనివాడికి కూడా సంగతి అర్థమయ్యేలా చెప్పాలట.

మా పిల్లలు అప్పుడే మొదలుపెట్టారు. రాసేముందు కాగితం నాలుగు మడతలు పెట్టిస్తున్నాను. ఒక్కో మడతలో ఒక్క సంగతి. కోత, గానుగ, రసం మరిగే కాగు, పంచదార పలుకు. ఏ మడతలోనూ ఇమడని మాట ఎంత అందంగా ఉన్నా అవతలే. మా పెద్దమేష్టారు దీన్ని ప్లాఁ అంటాడు. ప్లాఁ లేకుండా కలం ముట్టుకోనివ్వడు. మీ దగ్గర చదివే రోజుల్లో ఏది తోస్తే అది రాసేవాళ్ళం, గుర్తుందా? తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఇంకో కబురు కూడా ఉంది. పెద్దతోటలో పనిచేసే పియర్ ఈ ఏడు టమాటా ప్లాఁ పెంచాడు. అంత ఏపుగా ఉన్న నారు నేనెక్కడా చూడలేదు. అత్త టమాటాను ఇంకా రామములగ అనే అంటోందా, ఇక్కడివాళ్ళలా పొందమూరు అనడం నేర్చుకుందా?

మీ
ఆంజనేయులు


సుయాక్, 1926 మే 11

చిరంజీవి ఆంజనేయులుకు మామ దీవెనలు.

ఉభయకుశలోపరి అని రాయడం పద్ధతి. కుశలం మీ వైపే ఆగిపోయినట్టుంది, ఇక్కడిదాకా రాలేదు.

ముందు ఒక తప్పు దిద్దుతాను. చెఱకు అని రాయాలిరా. బండి ఱ. పలకమీద నీ వేలు పట్టుకుని దిద్దించిన అక్షరం. ఈ దీవిలో ఆ మాట సరిగ్గా రాసేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. పాంప్లెమూస్ మేష్టారికి ఇప్పుడు మామూలు ర చాలు కాబోలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి సంతోషం వేసింది. రెండోసారి ఏదో గుచ్చుకుంది. మూడోసారికి కడుపు మండింది. దాచను. నీకు ఓనమాలు నేర్పింది నేను. మీ అమ్మ పోయాక నా కంచంలో తిని, నా దీపం ముందు చదివావు. మొన్న భజనకు వెళితే నన్ను కొత్తవాళ్ళకు ఎలా చూపించారో తెలుసా? 'ఇతగాడు పాంప్లెమూస్ మేష్టారి మామ' అని! ఇరవై రెండేళ్ళు మిల్లులో కాగుల దగ్గర పనిచేసినవాణ్ణి. పాకం ఎప్పుడు దించాలో వాసన చూసి చెప్తాను. చెఱకు ఆకు నీ చేతిని ఎప్పుడైనా కోసిందా? కానీ చెఱకు గురించి రాయించడం నీకే తెలుసట, కాగితం మడతపెట్టి.

మా బడి అంకమ్మ కూడా రాసింది. పదకొండేళ్ళ పిల్ల. వాళ్ళ తాత కోరంగిలో ఓడ ఎక్కడంతో మొదలుపెట్టి, ఓడలో ఎవరెవరికి వాంతులయ్యాయో రాసి, వాళ్ళ బాబాయి రమ్ము తాగి బురదలో పడడం రాసి, చివర 'చెఱకు తీపిగా ఉంటుంది' అని ముగించింది. చదివి భేష్ అన్నాను. చదవడానికి బాగుంది మరి. పంచదార ఎలా అవుతుందో మాత్రం అందులో లేదు.

నవ్వుకుంటావేమో, నవ్వుకో. ఎంకన్నగారు కబురు పెట్టారు. నా బడిలో తొమ్మిదిమందే మిగిలారు. ఈ పోటీలో ఒక్క బహుమతి అయినా రాకపోతే గది భజన వాళ్ళకు ఇచ్చేస్తారట, డోళ్ళు పెట్టుకోవడానికి. మిల్లు నాకు కూడు పెడుతుంది. కానీ నన్ను మేష్టారూ అని పిలిచేది ఆ గదిలోనే.

పెంటయ్య


పాంప్లెమూస్, 1926 మే 20

మామయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి తెగ నవ్వుకున్నాను. కోపం వచ్చినప్పుడు మీరు రాసినంత బాగా ఇంకెవరూ రాయలేరు. అంకమ్మ తాత ఓడ సంగతి మా పిల్లలకు చదివి వినిపించాను. ఇలా మొదలుపెట్టకూడదు అని చెప్పడానికి బాగా పనికొచ్చింది.

మీ గది ఎవరూ తీసుకోరు, దిగులు పడకండి. అత్త పెరట్లో వంకాయలకు తెగులు పట్టిందని మార్సెల్ చెప్పాడు. సుయాక్ రైల్లో గార్డుగా వస్తాడే, అతనే. పాపం అత్త. ప్లాఁ కావాలంటే మొహమాటపడకండి మామయ్యా, ఒక్క ముక్క రాయండి. నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

మీ
ఆంజనేయులు


సుయాక్, 1926 జూన్ 1

ఆంజనేయులుకు,

పది రోజులు ఆలోచించాను. అంకమ్మ ఓడను నీ పిల్లల ముందు ఎగతాళి చేసినందుకు నాలుగు మాటలు అనాలనే కూర్చున్నాను. అనకుండా దిగమింగుతున్నాను. ఎందుకో నీకు తెలుసు.

సరే. నీ ప్లాఁ పంపు. ఇది నా చేత్తో రాయవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా మీ అత్తకు తెలియకూడదు, నా పరువు పోతుంది. పిల్లలకు మాత్రం 'పాంప్లెమూస్ నుంచి ప్లాఁ వస్తోంది, అది వచ్చాకే రాత' అని చెప్పి ఉంచాను. తడవకుండా గట్టిగా చుట్టి మార్సెల్ చేతికివ్వు.

పెంటయ్య


పాంప్లెమూస్, 1926 జూన్ 8

మామయ్యకు,

బుట్ట మార్సెల్‌కు ఇచ్చాను. నలభై ప్లాఁ ఉన్నాయి. తడవకుండా అని రాశారు. అదెలా మామయ్యా, తడి లేకపోతే దారిలోనే చస్తాయి కదా? తడి గోనెలో చుట్టాను. అత్తకు తెలియకుండా ఎలా పెంచుతారో మీకే తెలియాలి. ఆమె పెరట్లో వేలు పెడుతున్నారని పోట్లాడుతుందేమో.

పియర్ చెప్పిన జాగ్రత్తలు రాస్తున్నాను. పెట్టేముందు అన్నీ నేలమీద పరిచి చూసుకోండి. బలంగా ఉన్నవి ఏరండి, నీరసంగా ఉన్నవి పారేయండి, జాలిపడకండి. గుంటకు ఒక్కటే. రెండు పెట్టారంటే ఒకదాని బలం ఇంకోటి తినేస్తుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది ఎండ వచ్చే దిక్కు చూసి పెట్టండి. వరసకూ వరసకూ మధ్య మనిషి నడిచే చోటు వదలండి. అంతా అయ్యాక చివర గట్టు వేయండి, పోసిన నీళ్ళు పారిపోకుండా. ఇక కాపు మీ చేతి చలవ.

మీ
ఆంజనేయులు


సుయాక్, 1926 జూన్ 12

ఆంజనేయులూ,

స్టేషనులో తొమ్మిదిమంది పిల్లల్ని వెంటబెట్టుకుని నిలబడ్డాను. ప్లాఁ వస్తోందని వాళ్ళు స్నానాలు చేసి వచ్చారు. బుట్ట విప్పితే టమాటా మొక్కలు! పక్కనే ఉన్న కూలీలందరూ నవ్వారు. మార్సెల్ కూడా నవ్వాడు.

నా మొహం మీద ఇంత మట్టి కొట్టి పంపడానికి నీకు చేతులెలా వచ్చాయిరా? నోరు తెరిచి అడిగాను. నా యాభై మూడేళ్ళలో ఒకణ్ణి చదువు అడగడం అదే మొదలు. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇవ్వను అనవలసింది. నీ మడతల రహస్యం నా చేతికి వస్తే నీ గొప్ప తగ్గిపోతుందని భయపడ్డావు. నువ్వు కూడా ఏదో ఒకనాడు ఇలా నిలబడతావు.

నీ మీద నాకున్నది కుళ్ళే. అవును, కుళ్ళే. నీకు స్కూలు ఉంది, జీతం ఉంది, నీ పిల్లలకు కాగితాలు ఉన్నాయి. నాకున్నది పలకలు. ఇక నేను చేయవలసింది చేస్తాను. నాకు ఉత్తరం రాయకు.

పెంటయ్య


పాంప్లెమూస్, 1926 ఆగస్టు 3

మామయ్యకు నమస్కారాలు.

రాయవద్దన్నారు. ఏడు వారాలు ఆగాను, ఇక నావల్ల కావడం లేదు.

మీ ఉత్తరం అందిన రోజు ఏమీ అర్థం కాలేదు. మర్నాడు స్కూల్లో పెద్దమేష్టారు ఒక పిల్లాణ్ణి 'నీ ప్లాఁ ఏదీ?' అని అడిగినప్పుడు వెలిగింది. మనం మాట్లాడే క్రియోల్‌లో నారూ ప్లాఁ, రాతకు వేసుకునే ఏర్పాటూ ప్లాఁ. నేను మొక్కల గురించి అడిగాను, మీరు చదువు గురించి జవాబిచ్చారు. నిజంగా నాకు తెలియలేదు మామయ్యా. మీరు నన్ను చదువు అడుగుతారని కల్లో కూడా అనుకోలేదు. అదే నా తప్పు.

దీనితో పాటు మడతపెట్టిన కాగితం పంపుతున్నాను. నా దగ్గరున్న ప్లాఁ ఇదొక్కటే. ఇంకేం రహస్యం లేదు.

నాకు ఇక్కడ కష్టం వచ్చింది. ఎంకన్నగారు లాల్మతీకి పిలిపించారు. ఎవరో సంతకం లేకుండా ఆయనకు ఉత్తరం రాశారు. వ్యాసాలు నేనే రాసి పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నానట. ఆయన ఉత్తరం నా చేతికిచ్చి, 'ఎవరి చేతిరాతో చెప్పగలవా, గార్సోం?' అన్నారు, కుర్రాణ్ణి పిలిచినట్టు. చదివాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. తెలియదన్నాను. 'అయితే నిన్ను ఎలా నమ్మేది? నీ పిల్లల్ని పోటీకి రానివ్వొద్దంటున్నారు మా వాళ్ళు' అన్నారు.

మా పిల్లలు మూడు నెలలుగా రాస్తున్నారు. మీరు నా గురువు. మీరొక మాట చెబితే ఎంకన్నగారు నమ్ముతారు. అడగడానికి నాకు ఇంకెవరూ లేరు.

మీ
ఆంజనేయులు


సుయాక్, 1926 ఆగస్టు 29

చిరంజీవి ఆంజనేయులుకు,

లాల్మతీ వెళ్ళి వచ్చాను. నీ పిల్లలు పోటీకి వస్తారు. ఎలాగో తర్వాత చెప్తాను. ముందు ఇక్కడ జరిగింది విను. లేకపోతే నేను రైలెందుకు ఎక్కానో నీకు తెలియదు.

నీ బుట్టను నేను గేటు బయట పారేశాను. మీ అత్త చూసి, 'ఆయో! పచ్చగా బతికున్న ప్రాణాల్ని పారేస్తావా?' అని లోపలికి తెచ్చింది. నీ ఉత్తరం కూడా ఏరుకుంది. ఆమెకు చదువు రాదు. నాటేటప్పుడు చదివి పెట్టమని అంకమ్మను పిలిచింది. ఇద్దరూ కలిసి నాటారు. నేను గదిలో తలుపేసుకుని కూర్చున్నాను.

వారం తర్వాత అంకమ్మ రెండు పలకలు నింపి నా ముందు పెట్టింది. చెఱకు మీద వ్యాసం. మొదట కోత. తర్వాత బండ్లు, గానుగ. తర్వాత కాగు. చివర పలుకు. ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో ఖాళీ వదిలి. రెండుసార్లు చదివాను. ఎవరు నేర్పారే అని అడిగాను.

'మీ అల్లుడుగారి ఉత్తరం, ఆ లెత్‌లో ఉంది కదా మిస్యే' అంది. 'ప్లాఁ వచ్చాకే రాత అన్నారు గదా మీరు. ప్లాఁతో పాటే లెత్ వచ్చింది. మొక్కలు పాపమ్మకి, లెత్ మాకు అనుకున్నా. ముందు అన్నీ పరిచి చూసుకోమన్నారు, తెలిసిన సంగతులన్నీ పలకమీద పరిచాను. గుంటకు ఒక్కటే అన్నారు, అలాగే రాశాను.'

'మరి మీ తాత ఓడ ఏదీ?' అన్నాను.

'ఓడ బలంగానే ఉంది మిస్యే. కానీ ఈ మడిలోది కాదు.'

ఆ మాట విన్నాక సంతోషపడ్డాననుకుంటున్నావా? లేదు. ఇంకా మండింది. నేను మూడేళ్ళు చెప్పినా రానిది, నువ్వు మొక్కల కోసం రాసిన నాలుగు ముక్కలతో వచ్చేసింది. నువ్వు చెప్పాలని చెప్పింది కూడా కాదు! ఆ సాయంత్రం అన్నం తినలేదు. అప్పటికే నేను చేసిన పని ఒకటి ఉంది. నీ ఆగస్టు ఉత్తరం చదివాక దాన్ని ఇక దాచలేకపోయాను.

ఎంకన్నగారికి ఆ ఉత్తరం రాసింది నేనే.

రైలు దిగి, బండి ఎక్కి, ఆయన దుకాణం ముందు నిలబడి ఇదే మాట చెప్పాను. ఆయన ఆ ఉత్తరం తీసి నా ముందు పెట్టారు. తర్వాత, 'పెంటయ్యా, ఎందుకు చేశావు?' అన్నారు. కుళ్ళుతో, అన్నాను. 'నీ పిల్లలు రాయొచ్చు, వాడి పిల్లలూ రాయొచ్చు. నువ్వు మాత్రం గుడికి రావద్దు. నీ బడి సంగతి పోటీ అయ్యాక చూస్తాం' అన్నారు. అంకమ్మను మీ అత్త తీసుకొస్తుంది.

నువ్వు నన్ను గురువు అని రాశావు. ఆ మాట వెనక్కి తీసుకో, నేనేమీ అనుకోను.

పెంటయ్య


పాంప్లెమూస్, 1926 సెప్టెంబరు 27

మామయ్యకు నమస్కారాలు.

అత్త ఈపాటికి చెప్పే ఉంటుంది, అయినా నా చేత్తో రాయాలని ఉంది. మొదటి బహుమతి అంకమ్మకు. మా నారాయణకు రెండోది.

పేర్లు చదివినప్పుడు నేను చప్పట్లు కొట్టాను. కొడుతున్నంతసేపూ ఒళ్ళు మండుతూనే ఉంది. నాలుగు మడతలు నేను కనిపెట్టుకున్న గొప్పనుకున్నాను. మావాడి వ్యాసంలో తప్పు లేదు. కానీ అది చదివితే మిల్లు దూరం నుంచి కనిపించినట్టుంది. అంకమ్మ రాసిన కాగు దగ్గరికి వచ్చేసరికి మా అందరికీ వేడి తగిలింది. 'పాకం దించే వేళ కంటికి తెలియదు, ముక్కుకు తెలుస్తుంది' అని రాసింది. ఆ వాక్యం నా మడతల్లోంచి రాలేదు. ఇరవై రెండేళ్ళు కాగు దగ్గర నిలబడినవాడు చెబితే వచ్చింది. నాకు అలాంటి వాక్యం ఒక్కటి కూడా లేదు మామయ్యా. మీమీద నాకు కుళ్ళుగా ఉంది. ఇప్పుడు తెలిసింది, మీకు ఎలా ఉండేదో.

ఆ పిల్ల మొత్తం వ్యాసంలో చెఱకు అని బండి ఱతోనే రాసింది. ఎంకన్నగారు కళ్ళజోడు సర్దుకుని ఆ అక్షరాన్ని చూశారు. తర్వాత నా వైపు చూశారు. ఆయన దగ్గరున్న ఆ సంతకం లేని ఉత్తరంలో కూడా అదే ఱ ఉంది. నేను మొదటి పంక్తిలోనే గుర్తుపట్టాను. ఈ దీవిలో ఆ మాట సరిగ్గా రాసేవారు ఒక్కరే మిగిలారని మీరే రాశారు కదా. తెలియదని ఆయనకు అబద్ధం చెప్పాను. తెలిసే మిమ్మల్ని సాయం అడిగాను. మీరు వెళ్తారని నమ్మకం లేదు. వెళ్ళారు.

ఇక చేదు కబురు. బడి ఉంటుంది, గది పోదు. కానీ పెద్దలు మేష్టారిని మార్చాలన్నారు. శనివారం, ఆదివారం వచ్చి సుయాక్ బడి నన్ను చూడమన్నారు. మీ కుర్చీలో కూర్చోలేనన్నాను. 'అయితే మూసేస్తాం' అన్నారు. మిమ్మల్ని అడిగి చెప్తానని వచ్చేశాను. మీరు ఏం చెబితే అది రాస్తాను. రావద్దంటే రాను, మూసేసుకోండి అని వాళ్ళతో అంటాను.

మీ
ఆంజనేయులు


సుయాక్, 1926 అక్టోబరు 3

అల్లుడికి మామ దీవెనలు. ఈసారి పద్ధతి కోసం కాదు.

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటిరోజు మూసేయమని రాద్దామనుకున్నాను. నేను లేని గదిలో నువ్వు కూర్చోవడం కంటే అందులో డోళ్ళు ఉండడమే మేలనిపించింది. ఆ కాగితం రాసి, మీ అత్తకు కనబడకుండా పొయ్యిలో పెట్టాను.

నిన్న సాయంత్రం బడి గది తుడిచాను. అంకమ్మ వచ్చి, 'ఇక పాఠం ఎవరు చెప్తారు మిస్యే?' అంది. మా అల్లుడు చెప్తాడు అన్నాను. చెప్పడం కష్టమైంది గానీ చెప్పాను. 'మరి మీరు?' అంది. కాగు దగ్గర ఏం జరుగుతుందో ఎవరైనా అడిగితే చెప్తాను, మిగతాప్పుడు వెనక బల్ల మీద కూర్చుంటాను అన్నాను. తలూపి వెళ్ళిపోయింది.

నా కుళ్ళు పోయిందనుకోకు. నువ్వు సుద్దముక్క పట్టుకున్నప్పుడల్లా నాలో మండుతుంది. వెనక బల్ల నుంచి నీకు తప్పులు దిద్దుతాను, పిల్లల ముందే. నువ్వు ఓర్చుకోవాలి. నేనూ ఓర్చుకుంటాను. అది ఉన్నా సరే, రా.

మార్సెల్ చేతికి బుట్ట ఇచ్చాను. నువ్వు పంపిన ప్లాఁ కాచింది. మీ అత్త ఏరి పంపింది. నీకూ, పియర్‌కూ సగం సగం.

నీ ఉత్తరంలో చెఱకు అని బండి ఱతో రాశావు. చూశాను. ఱ కింద గీత ఇంకాస్త వంగాలి, వచ్చాక దిద్దిస్తాను.

శనివారం పొద్దుటి రైలుకు రా, స్టేషనులో ఉంటాను. వచ్చేటప్పుడు ప్లాఁ తీసుకురా. ఏ ప్లాఁ అని ఉత్తరం రాసి అడగకు. రెండూ.

మామ
పెంటయ్య